అమెరికా రాజకీయ చరిత్ర చదివితే తిండి పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ ఆఖరి సంవత్సరం చదువుతోంది. అమెరికా రాజకీయ చరిత్రలో పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. బంధువులేమో ‘వెళ్ళేది అమెరికాకే అయితే ఏదైనా డేటా సైన్స్ ఎమ్మెస్ చేయించు, వాళ్ళ చరిత్ర వాళ్ళు రాసుకుంటారులే’ అంటున్నారు. ఒక కన్సల్టెన్సీలో అడిగితే హిస్టరీ ఎంఏకి సీటు ఇప్పిస్తాం, ఎడ్యుకేషన్ లోను పెట్టుకోండి అన్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: లోను సంగతి ముందు తేల్చేద్దామండీ. వద్దు. అమెరికాలో హిస్టరీ ఎంఏకి ఫీజు మాఫీ, స్టైపెండ్ దొరకడం అరుదు. పైగా హిస్టరీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సుల జాబితాలో లేదు. డేటా సైన్స్ లాంటి ఎమ్మెస్ పిల్లలకు ఓపీటీ (చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) ఏడాది అయ్యాక మరో 24 నెలలు పొడిగింపు వస్తుంది, మీ అమ్మాయికి ఆ ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలో లోను తీర్చేంత జీతం సంపాదించాలనుకోవడం పిల్ల నెత్తిన బండ పెట్టడమే. పీహెచ్‌డీ లెక్క వేరు. మంచి డిపార్ట్‌మెంట్లు ఫీజు మాఫీ చేసి, ఏళ్ళ తరబడి స్టైపెండ్ ఇచ్చి మరీ చదివిస్తాయి. ఫండింగ్ లేకుండా పీహెచ్‌డీ సీటు వచ్చిందంటే అది రానట్టే లెక్క.

ఇక ‘వాళ్ళ చరిత్ర వాళ్ళు రాసుకుంటారు’ అన్న మాట. ఒకప్పుడు రాజకీయ చరిత్ర అంటే అధ్యక్షులు, ఎన్నికలు, కాంగ్రెస్‌లో (అంటే అక్కడి పార్లమెంటులో) ప్రసంగాలు. 1960, 70లలో కుర్ర చరిత్రకారులు దాన్ని పక్కన పడేసి కార్మికులు, ఆడవాళ్ళు, నల్లజాతివాళ్ళు, వలస వచ్చినవాళ్ళు ఎలా బతికారో రాయడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళు రాజకీయ చరిత్ర చదువుతానంటే పాతచింతకాయ పచ్చడిని చూసినట్టు చూశారు. తర్వాత అది తిరిగి వచ్చింది గానీ పాత రూపంలో రాలేదు. చట్టం ఎవరు చేశారన్నదే కాదు, అందులో ఎవరిని చేర్చారు, ఎవరిని వదిలేశారు, ఎందుకు అన్నవి ఇప్పుడు పెద్ద ప్రశ్నలు. అమెరికా ప్రభుత్వం మొదటినుంచీ బలహీనమైనదే అన్న నమ్మకం ఒట్టి అపోహ అని చరిత్రకారుడు విలియం నొవాక్ 2008లో రాసిన వ్యాసం మీద చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం పొలం కూలీలకు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు వృద్ధాప్య పింఛను వర్తింపజేయలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్ళలో ఎక్కువమంది చేసేది ఆ పనులే. కాంగ్రెస్ కమిటీలు గుప్పిట్లో పెట్టుకున్న దక్షిణాది డెమోక్రాట్ల ఒత్తిడే ఇందుకు కారణమని కొందరు చరిత్రకారులంటారు. కాదు, అలాంటి చోట్ల చందా వసూలు చేయడం కష్టమని అధికారులే మినహాయించమన్నారని మరికొందరు కాగితాలు చూపిస్తారు. ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి. మీ అమ్మాయి చేయబోయే పని ఇలాంటిది. తేదీలు బట్టీపట్టే చదువు కాదు.

మనకు నేరుగా తగిలేది ఇంకోటుంది. 1917, 1924 వలస చట్టాలు మనవాళ్ళకు అమెరికా తలుపు దాదాపు మూసేశాయి. 1946లో భారతీయులకు ఏడాదికి 100 మంది లెక్కన కోటా ఇచ్చారు. 1965 చట్టం ఆ జాతి కోటాలను ఎత్తేసింది. దాంతో మన డాక్టర్లు, ఇంజినీర్లు, వాళ్ళ వెనకే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వెళ్ళారు. ఆ చట్టంలో కుటుంబ సంబంధాలకు పెద్దపీట వేయించినవాళ్ళలో కొందరు, దీనివల్ల యూరప్ వాళ్ళ చుట్టాలే ఎక్కువగా వస్తారనుకున్నారు! జరిగింది ఇంకోటి. ఒక్కో దేశానికి ఇంతకు మించి వీసాలు ఇవ్వకూడదన్న పరిమితి కూడా ఆ చట్టంలోదే, 1990లో దాన్ని 7 శాతంగా మార్చారు. ఈరోజు మన పిల్లలు గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళకేళ్ళు క్యూలో ఉన్నారంటే ఒక పెద్ద కారణం అది. ప్రయారిటీ డేట్ (ఆ క్యూలో మన వంతును తేల్చే తేదీ) ప్రస్తావన రాకుండా అమెరికా నుంచి ఆదివారం ఫోను వచ్చే ఇల్లు మన ఊళ్ళలో ఎన్ని ఉంటాయి? ఆ పరిమితిని ఏ కమిటీలో, ఎవరు, ఎవరితో బేరమాడి పెట్టించారో వెతకడం అచ్చంగా రాజకీయ చరిత్రే. దాని కింద బతికినవాళ్ళ కథ అక్కడి తెలుగు సంఘాలైన తానా, ఆటా సభల సావనీర్లలో, పాత ఉత్తరాల్లో తెలుగులో పడి ఉంది. అమెరికన్ ప్రొఫెసర్లలో అవి చదవగలిగేవాళ్ళు చాలా తక్కువ. మీ బంధువులు కొట్టిపారేసిన చోటే మీ అమ్మాయికి చేతిలో ఒక పట్టు ఉంది.

ఆమెకు నిజంగా ఈ పని మీద ఇష్టముందా, అమెరికా మీద మోజా? ఇది తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు అక్కర్లేదు. వాషింగ్టన్, జెఫర్సన్, హామిల్టన్ వంటివాళ్ళ ఉత్తరాలను 2013 నుంచి ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. కెనడీ, జాన్సన్, నిక్సన్ వైట్‌హౌస్‌లో రహస్యంగా రికార్డు చేసిన మాటలను వర్జీనియా యూనివర్సిటీలోని మిల్లర్ సెంటర్ రాతలోకి ఎక్కించి పెట్టింది. 1930లలో నల్లవాళ్ళ పేటలకు ఎర్రరంగు పూసి, అప్పులకు పనికిరావని గుర్తుపెట్టిన మ్యాపులను రిచ్‌మండ్ యూనివర్సిటీ అందరికీ తెరిచింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2018లో మొదలుపెట్టిన బై ద పీపుల్ అనే ఆన్‌లైన్ కార్యక్రమంలో చేతిరాత పత్రాలను టైపు చేసే పనిలో ఎవరైనా చేరవచ్చు. హనుమకొండలో కూర్చుని చేయవచ్చు. రెండు నెలలు చేసినా విసుగు రాకపోతే అప్పుడు ముందుకు మాట్లాడుకుందాం.

ఫిలిప్ లాంపీ అని ఒకాయన ఉన్నారు. ప్రొఫెసర్ కారు. దశాబ్దాల పాటు పాత పేపర్లు తిరగేసి, 1780ల చివరి నుంచి 1825 వరకు జరిగిన ఎన్నికల ఓట్లను చేత్తో ఎత్తిరాసుకున్నారు. అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ, టఫ్ట్స్ యూనివర్సిటీ ఆ అంకెలను అందరికీ అందుబాటులో పెట్టాయి. తొలిరోజుల్లో జనం ఓటు పెద్దగా పట్టించుకోలేదనే అభిప్రాయాన్ని అవి చాలాచోట్ల తలకిందులు చేశాయి. ఈ రంగంలో ఓపికకున్న విలువ అది.

ఇప్పుడు చేదు విషయం. 2008 తర్వాత అమెరికాలో హిస్టరీ ప్రొఫెసర్ ఉద్యోగాలు బాగా తగ్గాయి, మళ్ళీ కోలుకోలేదు. 2025 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం మానవీయ శాస్త్రాలకిచ్చే గ్రాంట్లను కుప్పలుగా రద్దు చేసింది. కొన్ని పెద్ద యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లకు కోత పెట్టాయి. బానిసత్వం గురించి బడిలో ఏం చెప్పాలన్నదాని మీద రాష్ట్రాల్లో చట్టాల యుద్ధం నడుస్తోంది. కాబట్టి నేరుగా బీఏ నుంచి అక్కడికి దూకమని నేను చెప్పను.

ముందు ఇక్కడ ఎంఏ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హిస్టరీ కావచ్చు, జేఎన్‌యూలో అమెరికా, కెనడా, లాటిన్ అమెరికా అధ్యయనాలకున్న సెంటర్ సంగతీ కనుక్కోండి. మూడేళ్ళ డిగ్రీని ఒప్పుకోని అమెరికా యూనివర్సిటీలతో వచ్చే చిక్కు కూడా దీంతో పోతుంది. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారని మీ అమ్మాయికి తెలుసో లేదో, అంటే హైదరాబాద్‌కు ఈ సబ్జెక్టు కొత్త కాదు. ఎంఏతో పాటు స్టాటిస్టిక్స్, మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. ఇది తప్పనిసరి. ఓట్ల డేటా చదవడం వచ్చినవాళ్ళకు ఎన్నికల సర్వేలు చేసే ఢిల్లీలోని లోక్‌నీతి వంటి చోట్ల, పాలసీ సంస్థల్లో, పత్రికల్లో పని దొరికే వీలుంది. యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే ఇక్కడే పీహెచ్‌డీలో చేరి, ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీద కొన్ని నెలలు అమెరికా ఆర్కైవ్స్‌లో పనిచేసి రావచ్చు. నాకైతే ఈ దారే ఎక్కువ నచ్చుతుంది. సివిల్స్ వైపు మనసు మళ్ళినా మెయిన్స్‌లో ప్రపంచ చరిత్ర ఉంది, చదివింది వృథా పోదు.

అక్కడికే అప్లై చేస్తానంటే గడువులు ఎక్కువగా డిసెంబరులో ఉంటాయి. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష స్కోరును చాలా డిపార్ట్‌మెంట్లు అడగడం మానేశాయి. అసలు చూసేది 20, 25 పేజీల సొంత పరిశోధన వ్యాసాన్ని. ఎంఏ మొదటి ఏడాది నుంచే దాని మీద కూర్చోమనండి. ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు ‘నాకు అమెరికా చరిత్రంటే చిన్నప్పటినుంచీ ఇష్టం’ అని మొదలుపెట్టొద్దు. తన ప్రశ్న ఏమిటో, ఇంతవరకు ఏ పత్రాలు చూసిందో, వాటిలో ఏది అంతుపట్టలేదో నాలుగు వాక్యాల్లో రాయమనండి. అలాంటి మెయిల్‌కే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.