మీరడిగారు: షేర్ల లెక్కకి మాక్రోలు ఎప్పుడు?

ప్రశ్న: మేడమ్, నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. కొన్నేళ్లుగా షేర్లు కొంటున్నాను గానీ, నిజంగా లాభపడ్డానా అంటే తడుముకోవాల్సి వస్తోంది. ఎక్సెల్‌లో కూడికలు, సగటులు వచ్చు. ప్రోగ్రామింగ్ రాదు. ధరలు వాటంతటవే వచ్చేలా, విశ్లేషణ కూడా చేసుకునేలా షీటు కట్టుకోవాలంటే మాక్రోలు నేర్చుకోవాలా? మా అబ్బాయేమో అవి పాతకాలంవి, పైథాన్ నేర్చుకో అంటాడు. ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?

జవాబు: రెండూ ఇప్పుడే వద్దండీ. మాక్రో అంటే మనం చేసే పనుల్ని ఎక్సెల్ చేతే చేయించే చిన్న ప్రోగ్రామ్, పైథాన్ ఒక ప్రోగ్రామింగ్ భాష. ధరలు తెచ్చుకోవడానికి ఇవాళ ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. గూగుల్ షీట్స్‌లో గూగుల్‌ఫైనాన్స్ అనే ఫంక్షన్‌కి ఎక్స్ఛేంజి కోడు, కోలన్, కంపెనీ సింబల్ ఇస్తే ధర వచ్చి కూర్చుంటుంది. 20 నిమిషాల దాకా ఆలస్యం ఉండొచ్చు. మీలా కొని దాచుకునేవాళ్లకి దానితో వచ్చే నష్టమేం లేదు. మైక్రోసాఫ్ట్ 365 ఉంటే స్టాక్‌హిస్టరీ ఫంక్షన్ పాత ధరల్ని రోజువారీగానో, వారంవారీగానో, నెలవారీగానో పరిచిపెడుతుంది.

అసలు పనంతా చిట్టా రాయడంలో ఉంది. నేను అకౌంట్స్‌లో పనిచేసినదాన్ని, ఆ చాదస్తం పోదు. జరిగినవి రాసుకునే చిట్టా వేరు, వాటిని ఖాతాలవారీగా లెక్కగట్టే ఆవర్జా వేరు. ఒక షీటులో జరిగింది జరిగినట్టు రాయండి: తేదీ, కంపెనీ, ఎన్ని, ఏ ధరకి, ఛార్జీలు ఎంత. ఒక లావాదేవీకి ఒక వరుస. అమ్మినప్పుడు షేర్ల సంఖ్యని మైనస్‌లో వేయండి. మధ్యలో ఖాళీ వరుసలు, కలిపేసిన సెల్స్, అడుగున మొత్తాలు పెట్టొద్దు. లెక్కలన్నీ రెండో షీటులోనే. అక్కడ, మనం పెట్టిన షరతుకి సరిపోయిన అంకెల్నే కూడే సమ్‌ఇఫ్స్ ఫంక్షన్ ఒక్కటి వస్తే చాలు, ఏ కంపెనీవి ఎన్ని మిగిలాయో చెప్పేస్తుంది.

డివిడెండ్లూ బోనస్‌లూ చిట్టాకెక్కాల్సిందే. ఒకటికి ఒకటి బోనస్, అంటే ఉన్న ప్రతి షేరుకీ ఒకటి ఉచితంగా, ఇస్తే 800 ఉన్న షేరు 400 దగ్గరికి దిగుతుంది. ఆ సంగతి తెలియని షీటు మీ సొమ్ము సగం పోయిందని ఎర్రగా చూపించి బెదరగొడుతుంది. బోనస్ షేర్లని సున్నా ధరకి కొన్నట్టు ఒక వరుస వేస్తే సరిపోతుంది.

తేదీలతో జాగ్రత్త. ఎక్సెల్‌కి తేదీ అంటే ఒక సంఖ్య, 1900 జనవరి 1 దాని దృష్టిలో 1. బ్రోకర్ సైటు నుంచి దించుకున్న ఫైల్లో 03/04 ఉంటే, మీ కంప్యూటర్ సెట్టింగుని బట్టి అది ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కావచ్చు. 25/04 లాంటిదైతే నెల దొరక్క ఉత్త అక్షరాలుగా మిగిలిపోవచ్చు. మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే, నిజమైన తేదీ సెల్లో కుడివైపుకి ఉంటుంది, అక్షరాలుగా మిగిలింది ఎడమవైపుకి. ముందు ఆ నిలువు వరుసని కిందిదాకా ఓసారి చూడండి.

ఇక మీరడిగిన లాభం సంగతి. జనవరి 1న లక్ష పెట్టారనుకోండి, డిసెంబరు 1న ఇంకో తొమ్మిది లక్షలు. డిసెంబరు 31న అంతా కలిపి పదిన్నర లక్షలైంది. పది లక్షల మీద యాభై వేలు, అంటే 5 శాతం అనేస్తాం. కానీ ఆ తొమ్మిది లక్షలు పనిచేసింది ఒక్క నెలే కదా! పెట్టిన డబ్బు మైనస్‌లో, చివరి విలువ ప్లస్‌లో, పక్కన తేదీలు పెట్టి ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫంక్షన్‌ని అడిగితే ఏడాదికి దాదాపు 30 శాతం అంటుంది. ఆ అంకె చూసి పొంగిపోవద్దు. అది కొద్దిరోజుల లాభాన్ని కూడా ఏడాదికి సాగదీసి చెబుతుంది. రెండుమూడేళ్ల చిట్టా మీద అడిగితేనే దాని మాటకి విలువ.

రోజువారీ శాతాల సగటుని మాత్రం నమ్మకండి. 100 ఒకరోజు 50 శాతం పెరిగి, మర్నాడు 50 శాతం తగ్గితే సగటు సున్నా, చేతిలో మిగిలేది 75. పిల్లలకి ఈ లెక్క మీరే చెప్పి ఉంటారు.

మాక్రోలు ఎప్పుడంటారా? ప్రతి వారం అవే మీటలు అదే వరుసలో నొక్కుతున్నానే అని విసుగొచ్చినప్పుడు. దానికంటే ముందు పవర్ క్వెరీ చూడండి. ఎక్సెల్ 2016 నుంచి లోపలే ఉంది. ఒక ఫోల్డర్లో పడేసిన నెలనెలా ఫైళ్లని కలిపి ఒకే పట్టీ చేస్తుంది. అదీ చాలనప్పుడు మాక్రో రికార్డర్ నొక్కి, అది రాసిన కోడుని వరుస వరుసా చదవండి. మీరు ఏ సెల్ మీద నొక్కినా సెలెక్ట్ అని రాసేసి, అనవసరమైన వరుసలు బోలెడు పెడుతుంది, వాటిని తీసేస్తూ పోవడమే మొదటి పాఠం. మీ అబ్బాయి అన్నట్టు, మాక్రోలు రాసే భాష విబిఎ 1993లో ఎక్సెల్ 5తో వచ్చింది, పాతదే. వందల కంపెనీల ఇరవయ్యేళ్ల ధరల మీద ఒక పద్ధతిని పరీక్షించాలనిపించిన రోజున పైథాన్‌కి వెళ్లండి.

ప్రశ్న: ఫార్ములా తప్పు లేకుండా వస్తే షీటు సరిగ్గా ఉన్నట్టేనా?

జవాబు: కాదు. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్ విభాగంలో 600 కోట్ల డాలర్లకి పైగా నష్టం వచ్చింది. మరుసటి ఏడాది బ్యాంకు సొంత నివేదికలోనే బయటపడిన సంగతి: రిస్కు లెక్కగట్టే ఎక్సెల్ షీట్లలో ఒకచోట సగటుతో భాగించాల్సింది మొత్తంతో భాగించారు. ఎర్రర్ ఏమీ రాలేదు, రిస్కు మాత్రం ఉన్నదానికన్నా తక్కువ కనిపించింది. ఆ నష్టానికి ఇదొక్కటే కారణం కాదులెండి. మీరు మాత్రం కొత్త ఫార్ములా రాసినప్పుడల్లా మూడు వరుసలు కాగితం మీద వేసి సరిచూసుకోండి.

ప్రశ్న: రేపటి ధర చెప్పే ఫార్ములా ఉందా?

జవాబు: ఫోర్‌కాస్ట్ పేరుతో ఫంక్షన్లు ఉన్నాయి. పాత అంకెల మీదుగా గీత గీసి, దాన్నే ముందుకి పొడిగిస్తాయి. రేపటి వార్త ఆ గీతకి తెలియదు.