నాష్ మానేశారు కదా, నేనెందుకు మానకూడదు?

ప్రశ్న: మా తమ్ముడి వయసు 24. ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాడు. ఏడాది కిందట స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, అనుమానాలు పెరగడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు) అని తేలింది. మందులతో కుదుటపడ్డాడు. ఈమధ్య, ఇదే జబ్బు వచ్చిన అమెరికా గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ జీవితం ఆధారంగా తీసిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ చూశాడు. ఆయన గురించి ఇంటర్నెట్‌లో చదివి ‘నాష్ మందులు మానేసే బాగుపడ్డారు, నేనూ మానేస్తాను’ అంటున్నాడు. పది రోజులుగా మాత్రలు వేసుకోవడం లేదు, నిద్ర తగ్గింది. ఏం చేయాలి?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మీ తమ్ముడు చదివింది అబద్ధం కాదు. ముందు ఆ సంగతి అతనితో ఒప్పుకోండి. లేకపోతే ఆ తర్వాత మీరేం చెప్పినా చెవికెక్కదు. 1994లో నోబెల్ వచ్చేనాటికి నాష్ కొత్త మందులు వాడుతున్నట్టు సినిమాలో చెప్పిస్తారు. నిజానికి 1970 తర్వాత ఆయన మందులు వాడలేదు. చూసినవాళ్లు మానేస్తారేమోనని రచయిత భయపడి అలా రాశారని నాష్ కూడా తర్వాత చెప్పారు.

కానీ మీ తమ్ముడు కథ సగమే పట్టుకున్నాడు. నాష్ జబ్బు 1959లో, ముప్పై ఏళ్ల వయసులో బయటపడింది. 1961లో ట్రెంటన్ ఆసుపత్రిలో ఇన్సులిన్ ఇచ్చి, మళ్లీ మళ్లీ స్పృహ తప్పించే చికిత్స చేశారు. ఇప్పుడు ఎవరూ చేయరు. అలాంటిది అనుభవించిన మనిషికి వైద్యం మీద కోపం రాదా? మందులు మానేశాక కూడా ఏళ్లకు ఏళ్లు ప్రిన్స్‌టన్‌ విశ్వవిద్యాలయంలో తిరుగుతూ నల్లబల్లల మీద అర్థంకాని అంకెలు రాసేవారు. విద్యార్థులు ఆయన్ను దెయ్యమని పిలుచుకునేవారు. 1963లో విడాకులు తీసుకున్న భార్య అలీసియాయే 1970లో మళ్లీ ఇంట్లో చోటిచ్చారు. ఆ నీడలో, చాలా నెమ్మదిగా తేరుకున్నారు. మందులు మానేసి తేరుకోనివాళ్ల మీద ఎవరూ సినిమా తీయరు, అందుకే వాళ్లు మనకు కనిపించరు.

ఇంకో మాట. సినిమాలో నాష్‌కు లేని మనుషులు కనిపిస్తారు. అసలు నాష్‌కు వినిపించినవి గొంతులు. ఈ జబ్బులో ఎక్కువగా జరిగేదీ అదే. కాబట్టి ‘వాడికి ఎవరూ కనిపించడం లేదు కదా’ అని ఊరుకోకండి. నిద్ర తగ్గడం, అనుమానాలు, తనలో తాను మాట్లాడుకోవడం, స్నానం మానేయడం తిరగబెట్టడానికి ముందు కనిపించే గుర్తులు. నిద్ర సంగతి మీరే రాశారు. ఈ వారంలోనే పాత డాక్టరుకు చూపించండి. ఆగిపోయిన మాత్రలను మీ అంతట మీరు పాత మోతాదులో మొదలుపెట్టకండి, కొన్నింటికి అది ప్రమాదం. సాంబారులో కలిపి పెట్టడం అసలే వద్దు. ఒక్కసారి బయటపడితే మీ మీద నమ్మకం పోతుంది.

ఎందుకు మానేశావని తీరిగ్గా అడగండి. నాష్ పేరు చెబుతున్నాడు గానీ, ‘బుర్ర మొద్దుబారింది, లెక్క ముందుకు సాగడం లేదు’ అన్నదే అసలు కారణం కావచ్చు. గణితం చదివేవాడికి అది చిన్న బాధ కాదు. మగత, బరువు పెరగడం, చేతులు వణకడం వంటివాటికి మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, నెలకొకసారి ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. మందు పూర్తిగా ఆపాలన్నా కొంతకాలం నిలకడగా ఉన్నాక, డాక్టరు చూస్తుండగా, నెలల తరబడి తగ్గిస్తూ పోవాలి.

చనిపోతానన్నా, తిండి మానేసినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416లో ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అతని రఫ్ నోట్‌బుక్ కూడా తెమ్మనండి. మందు వాడుతున్నప్పుడు, మానేశాక ఎంతసేపు లెక్కల ముందు కూర్చోగలిగాడో అతన్నే చెప్పనివ్వండి. మోతాదు సరిచేయడానికి ఆ వివరం బాగా పనికొస్తుంది.