ఐస్ కాఫీలో ఉండలు, అడుగున చక్కెర, నీళ్ల రుచి: ఇలా చేసి చూడండి

ఐస్ కాఫీ చేస్తే పొడి ఉండ కడుతోందనీ, చక్కెర అడుగున మిగులుతోందనీ, నీళ్ల రుచి వస్తోందనీ అడిగారు కదా, మీ కాఫీ పొడిలో లోపం లేదండీ. ఇన్‌స్టంట్ పొడినీ చక్కెరనీ నేరుగా చల్లటి పాలలో వేస్తున్నారు, అందుకే ఒకటి ఉండ కడుతోంది, ఇంకోటి అడుగున మిగులుతోంది.

ఒక పెద్ద గ్లాసుకి:

1. కప్పులో 2 టీస్పూన్ల పొడి, 2 టీస్పూన్ల చక్కెర వేయండి.

2. వేడి నీళ్లు 2 టేబుల్‌స్పూన్లే పోయండి, అంటే 30 మి.లీ. చెంచాతో కప్పు గోడకి రుద్దుతూ, పలుకు తగలనంత వరకు కలపండి.

3. అందరూ వదిలేసేది ఇదే: ఈ చిక్కటి కాఫీని చల్లారనివ్వాలి. బయట 10 నిమిషాలు, తర్వాత ఫ్రిజ్‌లో ఇంకో 10. వేడిగా ఉండగానే ఐస్ మీద పోస్తే ముక్కలు త్వరగా కరిగిపోతాయి. మీరు చెప్పిన నీళ్ల రుచి అక్కడిదే. తొందరైతే కప్పుని చన్నీళ్ల గిన్నెలో నిలబెట్టండి.

4. గ్లాసులో ఐస్, 150 మి.లీ. చల్లటి పాలు, పైన ఈ కాఫీ. కలిపి తాగడమే.

కాచి ఫ్రిజ్‌లో పెట్టిన పాలైతే ముందు వడకట్టండి. మీగడ తునకలు తేలుతుంటే పొడి కరగలేదనే అనిపిస్తుంది, నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నాను.

మెల్లగా తాగే అలవాటుంటే ఐస్ ట్రేలో నీళ్ల బదులు పల్చటి కాఫీ పోసి గడ్డ కట్టించండి. కరిగినా రుచి అంతగా చప్పబడదు.