మాకు ర్యాంకు వచ్చింది, మేము ఎక్కడ చేరాలి?

ప్రశ్న (కుదించి): మేము ఇంటర్ బైపీసీ పూర్తిచేశాం. మాకు ఒడిశాలోని బరంపురం ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా పరిశోధన సంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ సీటు వచ్చింది. విశాఖలోనే కెమిస్ట్రీ ఆనర్స్ డిగ్రీ చదివించుకోవచ్చు కదా అని మా బావమరిది అంటున్నాడు. పరిశోధనకు ఏది మేలో పోల్చి చెప్పండి. మొదటి ఏడాదిలోనే అంతర్జాతీయ జర్నల్లో పేరు వేయిస్తామని ఒక సంస్థ నలభై వేలు అడుగుతోంది, కట్టమంటారా? అన్నట్టు, అమ్మాయి ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.
– ఒక తండ్రి, గాజువాక

అయ్యా, మీ పూర్తి ఉత్తరంలో ‘మేము’, ‘మాకు’ అన్న మాటలు కలిపి తొమ్మిది సార్లు వచ్చాయి. లెక్కపెట్టాను. ‘అమ్మాయి’ ఒక్కసారి వచ్చింది, అదీ చివరి వాక్యంలో, ‘అన్నట్టు’ తర్వాత. ఇన్నేళ్లుగా ఈ ఉత్తరాలు చదువుతున్నాను. అసలు భయం ఎప్పుడూ ఆ ‘అన్నట్టు’ వెనకాలే దాక్కుని ఉంటుంది. నోరు విప్పని పిల్ల ఊరు కాని ఊళ్లో, హాస్టల్లో ఎలా నెగ్గుకొస్తుందన్నది మీ బెంగ. అక్కడికే వస్తాను. ముందు ఆ నలభై వేల సంగతి తేల్చేద్దాం.

కట్టకండి.

రెండేళ్ల కిందట ఒక డిగ్రీ కుర్రాడు వేసవి ప్రాజెక్టు ఇంటర్వ్యూకు సిద్ధం చేయమని నా దగ్గరికి వచ్చాడు. బయోడేటాలో మూడు పేపర్లున్నాయి. ఒకటి తీసి, ఈ గ్రాఫులో నిలువు గీత మీద ఉన్నది ఏమిటి బాబూ అని అడిగాను. తల వంచుకుని ఫోను తీశాడు. వాడి తప్పేమీ లేదు. ఎవరో చేసిన లెక్కలకు నాలుగో పేరుగా వాణ్ని తగిలించారు, డబ్బు వాళ్ల నాన్న కట్టాడు. చదివినవారు రెండే ప్రశ్నల్లో పట్టేస్తారు. పట్టుబడ్డాక ఆ పిల్లవాడు నిజంగా నేర్చుకున్నది కూడా ఎవరూ నమ్మరు. ఇలాంటి సంస్థలకు పిల్లల్ని పంపి కమిషన్ పుచ్చుకునే కౌన్సెలర్లు మాలోనూ ఉన్నారు, ఆ మాట దాచను.

అసలు ‘మొదటి రోజు నుంచే పరిశోధన’ అన్న ఈ కొత్త మోజు మీదే నాకు అనుమానం. ప్రతి కరపత్రం మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో నీలం నీళ్ల గాజుకుప్పె. మొదటి ఏడాది పిల్ల బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కలుగా కొలిచి వదిలే గాజుగొట్టం) కడగడం నేర్చుకోవాలి, కలన గణితంతో కుస్తీ పట్టాలి, ఒకే కొలత మూడుసార్లు తీసి మూడూ ఎందుకు కలవడం లేదో తల బద్దలు కొట్టుకోవాలి. ఆ మూడోదానికే నేను పరిశోధన అని పేరు పెడతాను.

చూసిందే చెబుతాను. మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. చాలామంది ఇంట్లో కూర్చుని రికార్డు నింపేస్తారు, లెక్చరర్లకూ ఆ సంగతి తెలుసు. ఒక కాలేజీలో ముగ్గురు అమ్మాయిలు మాత్రం సముద్రం ఒడ్డున ఒక జాలరిపేటకు వెళ్లి బోరు నీళ్లు పట్టుకొచ్చారు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంతున్నాయో చెప్పే కాఠిన్యత పరీక్ష మీకు తెలియకపోవచ్చు. నీళ్లలో అమ్మోనియా కలిసిన బఫరు ద్రావణం, రంగు మార్పు చూపే సూచిక వేస్తే ద్రాక్షసారా ఎరుపు వస్తుంది. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ అనే రసాయన ద్రావణం చుక్కలుగా వదులుతూ పోతే ఒక చుక్క దగ్గర రంగు నీలానికి తిరగాలి. వీళ్లకు తిరగలేదు. ఎరుపూ కాక, నీలమూ కాక, ఏదో బురద ఊదా. సాయంత్రం ఆరు దాటింది. అటెండరు తాళాల గుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముగ్గురిలోనూ అసలు మాట్లాడని పిల్ల బఫరు సీసా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, “మేడమ్, దీనికి వాసన లేదు” అంది. మూత సరిగా పడక అందులోని అమ్మోనియా ఎప్పుడో ఎగిరిపోయింది. కొత్త బఫరు కలిపాక రంగు ఒక్క చుక్కకు తిరిగింది.

తాగే నీళ్లలో కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. ఆ బోరు 600 కూడా దాటింది. కాగితం పట్టుకుని పేటకు వెళితే ఒక ముసలమ్మ, “అంకెలు నాకెందుకమ్మా, తాగొచ్చా తాగకూడదా?” అంది. ఈసారి కూడా జవాబు చెప్పింది ఆ మాట్లాడని పిల్లే. తాగడానికీ వంటకూ కుళాయి నీళ్లు వాడమని, గిన్నెలకు బోరు నీళ్లు చాలని, నీళ్లలో క్రిములు ఉన్నాయో లేదో మాత్రం ఈ పరీక్షకు తెలియదని. “అయితే అది తెలిసినవాళ్లని తీసుకురా” అంది ముసలమ్మ. మర్నాడు ముగ్గురూ మైక్రోబయాలజీ విభాగం గుమ్మం దగ్గర నిలబడ్డారు. అప్పటిదాకా ఆ వరండా దాటి అటు వెళ్లలేదు.

మీ భయానికి నా దగ్గరున్న జవాబు అంతే. ఊరికే కబుర్లు చెప్పలేని పిల్లలకు చేతిలో పని పెడితే మాట దానంతట అదే వస్తుంది. ల్యాబులో ‘ఆ పిపెట్ ఇలా ఇవ్వు’తో మొదలవుతుంది, నెల తిరిగేసరికి మెస్సులో పక్క కుర్చీ ఖాళీగా ఉండదు. సైన్సు క్లబ్బు, ఎన్ఎస్ఎస్, రాత్రి హాస్టల్ మేడ మీద చుక్కలు చూసే గుంపు, ఇలాంటివన్నీ మీరు లెక్కలోకి తీసుకోని విషయాలు. నేను ముందు చూసేవి అవే.

ఇక మీరడిగిన పోలిక. ఐసర్‌లో చివరి ఏడాది దాదాపు అంతా థీసిస్ పనికే పోతుంది. పరిశోధన చేసే గురువులూ, పీహెచ్‌డీ విద్యార్థులూ అదే భవనంలో ఉంటారు. ఇక్కడి నాలుగేళ్ల ఆనర్స్‌లో పరిశోధన దారి పట్టాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. ఆ తర్వాత అంతా ఒకరిద్దరు మంచి అధ్యాపకులు దొరకడం మీద ఆధారపడుతుంది. దొరికితే మాత్రం విశాఖను తక్కువ అంచనా వేయకండి. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు లాఫాండ్ ఆంధ్రా యూనివర్సిటీవారితో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచారు. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అన్న పేర్లున్నాయి. మహదేవన్ ఇక్కడ భూగర్భశాస్త్ర ఆచార్యులుగా పనిచేసినవారు. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు ఎక్కడ చదివినా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఐసర్ అనగానే శాస్త్రవేత్త అయిపోయినట్టు ఊహించుకోకండి. ఐదేళ్ల తర్వాత పీహెచ్‌డీ మరో ఐదేళ్లు, అందులో మొదట వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. మీ బావమరిది కొడుకు ఈలోగా హైదరాబాదులో ఫ్లాటు కొంటాడు. పెళ్లిళ్లలో చుట్టాలు చేసే ఆ పోలికలు మీరు తట్టుకోగలరా? పిల్ల తట్టుకుంటుంది, నా అనుమానం మీ మీదే.

నన్నడిగితే బరంపురమే. మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు, మన హౌరా లైను మీదే, ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. ఆ ఊరి బజారులో తెలుగు వినిపించకపోతే నన్ను అడగండి. కానీ రోజూ రాత్రి వీడియో కాల్లో మెస్సు పళ్లెం చూపించమని మాత్రం అడగకండి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో చేరి సాంబారు గురించి వార్డెన్‌తో తగువు పెట్టుకోకండి.

సీటు గడువులోగా ఒక పని చేయండి. వారం మధ్యలో ఒకరోజు సాయంత్రం ఐదింటికి అమ్మాయిని ఇక్కడి కాలేజీకి, మరో రోజు బరంపురానికి తీసుకెళ్లండి. అక్కడి సీనియర్లను తను అడగవలసినవి రెండే: పోయిన వేసవిలో ఏం చేశారు, ప్రయోగం చెడితే ఎవరికి చెప్పుకుంటారు. మీరు గేటు దగ్గర టీ తాగుతూ ఉండండి. లోపలికి తను ఒక్కతే వెళుతుంది. బయటికి వచ్చాక ఏమన్నారని వెంటనే అడగకండి, రైల్లో తనే చెబుతుంది.