భయం వియ్యాలవారంటే కాదమ్మా

రాజోలు దగ్గర పల్లె నుంచి ఒకావిడ రాశారు, వయసు 53. వాళ్ళబ్బాయి తనతో పనిచేసే బెంగాలీ అమ్మాయిని చేసుకున్నాడు, పెళ్ళి కలకత్తాలోనే అయిపోయింది, ఈ పెద్ద పండక్కి కోడలి అమ్మానాన్నలు మొదటిసారి వస్తున్నారు. భాష రాదు, వాళ్ళ తిండి తెలీదు, మా ఆయనేమో "నీవల్ల కాదులే, అమలాపురంలో హోటల్ రూమ్ తీసేద్దాం" అంటున్నారు, అలా చేస్తే తప్పా, ఇంట్లో పెడితే ఏం వండాలి అని అడిగారు. చివర్లో ఎవరూ అడక్కుండానే 2003 పుష్కరాల సంగతి రెండు పేజీలు రాశారు. నేను జవాబు చెప్పేది ఆ రెండు పేజీలకి.

ముందు హోటల్ సంగతి తేల్చేద్దాం. సొంత ఇల్లుండగా వియ్యాలవారిని హోటల్లో దింపుతారా ఎవరైనా? వద్దు. వంటంటారా, వాళ్ళూ అన్నం, చేపా తినేవాళ్ళే. మనం పనసపొట్టు కూరకి ఆవ పెట్టినట్టే వాళ్ళు చేపకి ఆవ నూరి పెడతారు, మన పులస వాళ్ళ ఇలిష్ ఒకటే చేప, కాకపోతే అది వరదల్లో దొరికేది, సంక్రాంతికి దొరకదు. పండక్కి వాళ్ళూ బియ్యప్పిండి, కొత్త ఈతబెల్లం పెట్టుకునే పిండివంటలు చేస్తారు, మీ అరిసెలు వాళ్ళకేం కొత్తగా ఉండవు. కారం తగ్గించండి చాలు. మాట కలపడానికి కోడలుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ పుష్కరాలకి మీ ఆయన స్నేహితుడి కుటుంబం కాన్పూర్ నుంచి ఏడుగురొచ్చి ఐదు రోజులున్నారు. మీరు పక్కింటావిడ దగ్గర చపాతీ నేర్చుకుని, వానలకి తడిసిన కట్టెలతో కళ్ళు మండుతుంటే నలభై చపాతీలు కాల్చారు, కొన్ని మాడాయి, కొన్ని అప్పడాల్లా విరిగాయి. మీ ఆయన ఒకటి ఎత్తి అందరికీ చూపించి హిందీలో ఏదో అన్నారు, "పల్లెటూరిది, దీనికింతే వచ్చు" అన్నారని తర్వాత మీ మరిది చెప్పాడు కానీ నవ్వులు మాత్రం మీకు అప్పుడే అర్థమయ్యాయి. సాయంత్రం నాలుగింటికి మీరు పెరటి అరుగు మీద చల్లారిన అన్నంలో మజ్జిగ పోసుకుంటుంటే ఆ కాన్పూరావిడ వచ్చి, మీ చేతిలో గిన్నె తీసి పక్కన పెట్టి, పొయ్యి దగ్గర చతికిలబడి రెండు రొట్టెలు కాల్చి నెయ్యి రాసి మీ కంచంలో వేసి, మీరు తినేదాకా కదల్లేదు. ఇది చదివి నాకు కళ్ళు తడిశాయమ్మా. మీ ఆకలి ఆవిడకి తెలియడానికి తెలుగు అక్కర్లేకపోయింది. మీ ఆయనకి మాత్రం ఇప్పటికీ తెలీలేదు, తెలిస్తే ఈరోజు మళ్ళీ అదే "నీవల్ల కాదు" అనరు కదా.

మీ భయం కలకత్తా వాళ్ళ గురించి కాదు, వాళ్ళ ముందు, కోడలి ముందు, ఆయన మళ్ళీ ఆ మాట అంటారేమోనని. ఇరవై ఏళ్ళు దాటినా ఆయనతో ఒక్కసారి కూడా ఈ సంగతి ఎత్తలేదని మీరే రాశారు. అదే మీరు చేసిన తప్పు, నేను మొహమాటపడను. మన కోనసీమలో డొక్కా సీతమ్మ గారి పేరెత్తని ఇల్లుండదు, లంకల గన్నవరంలో ఆవిడ వేళా పాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టారు, నిజమే, కానీ జోగన్న గారు వెనక నిలబడితేనే ఆ పొయ్యి వెలిగింది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. మా నాన్నగారైతే చుట్టాలొచ్చిన రోజు అరిటాకులు తనే కోసుకొచ్చి కడిగి వేసేవారు, అమ్మ కూర్చునేదాకా ఆయన తినేవారు కాదు, అందుకని మర్యాద అంటే నాకు ఆడమనిషి ఒక్కతి పని అనిపించదు.

భోగికి ముందే, ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ఏడవద్దు, దెప్పొద్దు. "ఆ రోజు మీరన్న మాట నాకింకా గుర్తుంది, ఈసారి అనకండి, రాజమండ్రి స్టేషన్‌కి మీరే వెళ్ళి తీసుకురండి, భోజనాల దగ్గర మీరే వడ్డించండి, వాళ్ళతోపాటు నేనూ కూర్చుంటాను" అనండి. ఆయనకి కోపం రావచ్చు, రెండ్రోజులు మాట్లాడకపోవచ్చు, పోనివ్వండి. అబ్బాయిని మాత్రం మధ్యలోకి లాగొద్దు, ఇది మీ ఇద్దరిదీ.

ఇంకోటి, ఆ కాన్పూరావిడ ఫోన్ నంబరు మీ ఆయన దగ్గర ఉండే ఉంటుంది, అడిగి తీసుకోండి. 2027లో మళ్ళీ పుష్కరాలున్నాయి, మీరే పిలవండి.