లండన్ ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు

చి. మానసకు,

హన్మకొండ నుంచి పెద్దబాపు ఆశీస్సులు. నీకు లండన్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చిందని మీ బాపు చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరూ జీతం ఎంతని అడుగుతున్నారు. నేను అడిగేది వేరే. నీ వీసా ఎవరి చేతిలో ఉంటుందో చూసుకున్నావా బిడ్డా? అక్కడ ఏళ్ల తరబడి అకౌంట్స్‌లో పనిచేసినవాడిగా నాకు జీతం కంటే ఇదే ముఖ్యం.

స్కిల్డ్ వర్కర్ వీసా నిన్ను స్పాన్సర్ చేసిన కంపెనీలో, ఆ పోస్టులో పనిచేయడానికి ఇచ్చేది. కంపెనీ మారాలంటే కొత్తవాళ్లు మళ్లీ సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ (ఈ ఉద్యోగం నీకిస్తున్నామని కంపెనీ ఇచ్చే ధ్రువీకరణ, పొట్టిగా సీఓఎస్) ఇవ్వాలి, నువ్వు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఉద్యోగం పోతే, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికో తిరిగి రావడానికో హోం ఆఫీసు (అక్కడ వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) మామూలుగా 60 రోజుల గడువిస్తుంది. ఫైనాన్స్‌లో రెండు మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు, రిఫరెన్సులు అయ్యేసరికే ఆ రెండు నెలలు కరిగిపోతాయి. అందుకే మొదటి ఏడాది ఇంటికి పైసలు పంపాలనే ఆరాటం పెట్టుకోకు. ఆర్నెల్ల ఖర్చు నీ ఖాతాలో కదలకుండా ఉండాలి. ఈ మాట మీ బాపుకు నేను చెప్తాను. హసన్‌పర్తి ప్లాటు అమ్ముతానంటున్నాడు, వద్దని గట్టిగా చెప్పు.

స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నీ కంపెనీ పేరు అక్షరం అక్షరం సరిచూడు, ఊరు కూడా చూడు. 2025 జూలై నుంచి ఈ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. ఆ పోస్టుకు అక్కడి ప్రభుత్వం పెట్టిన రేటు అంతకంటే ఎక్కువుంటే అదే లెక్క. చిన్న వయసువాళ్లకు కొంత తగ్గింపు ఉంది. బోనస్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, కాబట్టి ఆఫర్ లెటర్‌లో బేసిక్ ఎంతో విడిగా చదువు.

మన దగ్గర "సీఓఎస్ ఇప్పిస్తాం, ఇన్ని లక్షలు" అని తిరిగేవాళ్లున్నారు. ఆ సర్టిఫికెట్ ఫీజు, స్కిల్స్ చార్జి (బయటి దేశం వాళ్లను తీసుకున్నందుకు ప్రభుత్వానికి కట్టేది) కంపెనీ కట్టాల్సినవి, ఉద్యోగి నెత్తిన వేయకూడదు. ఎవరైనా అడిగారంటే అక్కడితో ఆ ఆఫర్ వదిలెయ్. నువ్వు కట్టాల్సింది వీసా ఫీజు, హెల్త్ సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి). ఆ సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు, మూడేళ్ల వీసా అయితే 3,105 పౌండ్లు ముందే కట్టాలి. ఆ భారం ఎవరిదో కంపెనీని నోరు తెరిచి అడుగు, కొన్ని కంపెనీలు భరిస్తాయి.

మన సీఏ చదువు అక్కడ తక్కువదేం కాదు. ఇండ్ ఏఎస్ (మన దేశపు అకౌంటింగ్ ప్రమాణాలు) బాగా వచ్చినవాళ్లకు ఐఎఫ్ఆర్ఎస్ (అంతర్జాతీయ ప్రమాణాలు) కొత్తగా అనిపించదు. కానీ అక్కడి చాలా ప్రైవేటు కంపెనీల ఖాతాలు ఎఫ్ఆర్ఎస్ 102 అనే బ్రిటన్ ప్రమాణం ప్రకారం నడుస్తాయి. దాన్ని, వ్యాట్ రిటర్నులను వెళ్లకముందే చదువుకో. చేరిన నెలలోనే మంత్ ఎండ్ క్లోజ్ (నెలాఖరున ఖాతాలు ముగించే పని) నీ మీద పడుతుంది, అప్పుడు చదువుకునే తీరిక ఉండదు.

ఇక కాగితాలు. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిగ్రీ మెమోల్లో పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేశారు. మన ఊళ్లలో సగం మందిది ఇదే కథ, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఇక్కడే ఆగిపోతారు. ముందు పాస్‌పోర్టు సరిచేయించు. కాకతీయ యూనివర్సిటీ నుంచి ప్రొవిజనల్ ఒక్కటే చాలనుకోకు, కాన్వొకేషన్ పట్టా, ట్రాన్‌స్క్రిప్టులు కూడా తీసుకో. నువ్వు వెళ్లిపోయాక వాటి కోసం మీ బాపును పరీక్షల విభాగం చుట్టూ తిప్పడం పాపం కదా.

ఎన్‌ఆర్‌ఐ అయ్యాక ఇక్కడి సేవింగ్స్ ఖాతా ఎన్‌ఆర్‌ఓగా (ఎన్‌ఆర్‌ఐలకు ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఖాతా) మార్పించాలి, బ్యాంకుకు చెప్పడం మరచిపోకు. ట్యాక్స్ ఏడాది మనకు మార్చి 31తో ముగుస్తుంది, వాళ్లకు ఏప్రిల్ 5తో. పేస్లిప్పులన్నీ దాచిపెట్టు.

ఐదేళ్లుంటే అక్కడ పర్మినెంట్‌గా ఉండే హక్కు వస్తుందన్న నమ్మకంతో పెద్ద అప్పులు చేయకు. ఆ ఐదేళ్లను పదేళ్లు చేస్తామని 2025 మేలో అక్కడి ప్రభుత్వమే ప్రతిపాదించింది.

ఆఫర్ లెటర్, మెమోలు స్కాన్ చేసి పంపు, ఆదివారం కూర్చుని ఒక్కొక్కటి చూస్తాను. అప్పటిదాకా సంతకం పెట్టకు.

నీ పెద్దబాపు