ఏ పురుగుకి భయపడాలి, దేన్ని వదిలేయాలి: ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్రశ్నలకి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పురుగుల గురించే. ఇక్కడ ఎండలు ముదిరే టైమ్‌కి ఇవి బయటికొస్తాయి, సరిగ్గా అప్పుడే ఫిబ్రవరి బ్యాచ్ పిల్లలు కూడా దిగుతారు, అందుకే ఈ నెల కాలమ్ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అక్కా, మాది నరసరావుపేట. మా అమ్మాయికి సిడ్నీలో మాస్టర్స్ సీటొచ్చింది. టికెట్ తీసిన దగ్గర్నుంచీ మా వాట్సాప్ గ్రూపులో షూలో సాలీడు, టాయిలెట్ సీటు కింద సాలీడు, ఇవే వీడియోలు. మా ఆడపడుచైతే అది కుడితే గంటలో ప్రాణం పోతుందంట, పిల్లని పంపొద్దు అంటోంది. నాకు నిద్ర పట్టట్లేదు, నిజం చెప్పండి.

జవాబు: అమ్మా, అమ్మాయిని నిశ్చింతగా పంపించండి. ప్రాణం తీయగల సాలీడు సిడ్నీలో ఉన్న మాట నిజమే, దాన్ని సిడ్నీ ఫనెల్‌వెబ్ అంటారు, 1927 నుంచి 1981 లోపు దాని కాటుకి 13 మంది చనిపోయినట్టు రికార్డుంది. 1981లో డాక్టర్ స్ట్రువన్ సదర్లాండ్ గారి టీమ్ మెల్‌బోర్న్‌లో విరుగుడు మందు తయారు చేసింది, అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ సాలీడు కాటుతో ఒక్కరు కూడా పోలేదు. మీ ఆడపడుచు గారు చెప్పేది ఆ మందు రాక ముందు సంగతి.

ఆ మందు ఎలా వస్తుందో కూడా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. సిడ్నీ చుట్టుపక్కల మామూలు జనమే ఇంట్లో కనబడిన ఫనెల్‌వెబ్‌ని జాగ్రత్తగా సీసాలోకి పట్టి తెచ్చి ఇస్తారు, గాస్‌ఫర్డ్ దగ్గరున్న ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్క్ వాళ్ళు దాని విషం తీసి పంపిస్తారు, దాంతో కుందేళ్ళ సాయంతో మందు చేస్తారు. అంటే జనం భయపడి నలిపేయకుండా పట్టి ఇస్తున్నారు కాబట్టే ఆస్పత్రిలో మందు ఉంటోంది. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం ఈ పట్టే పని పెట్టుకోకండి, అది అలవాటున్నవాళ్ళకి వదిలేయండి.

మీ అమ్మాయికి చెప్పాల్సినవి కొన్నే. ఫనెల్‌వెబ్ నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, తేమగా ఉండే నేలలో, రాళ్ళ కింద, దుంగల కింద బొరియ చేసుకుంటుంది. ఆడదానికంటే మగదాని విషం చాలా ఎక్కువ, ఎండాకాలం చివర్లో, వాన పడ్డాక, మగవి ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతాయి, ఇళ్ళల్లోకి వచ్చేది అప్పుడే. ఇక్కడ ఎండాకాలం అంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి అని గుర్తుపెట్టుకోండి. అందుకని బయట వదిలిన చెప్పులు, షూలు దులిపి వేసుకోవాలి, ఆరేసిన బట్టలు దులపాలి, నేల మీద బట్టలు కుప్పపొయ్యకూడదు. స్విమ్మింగ్ పూల్ అడుగున పడి ఉన్న ఫనెల్‌వెబ్ చచ్చిందనుకుని చేత్తో తీయకూడదు, నీళ్ళల్లో కూడా గంటల తరబడి బతికే ఉంటుంది.

రెండోది రెడ్‌బ్యాక్. నల్లటి ఒళ్ళు, వీపు మీద ఎర్ర చార, బఠాణీ గింజంత ఉంటుంది. లెటర్ బాక్సు, గార్డెన్ కుర్చీ అడుగు, షెడ్డు, పిల్లల సైకిలు, ఇలా పొడిగా కదలకుండా ఉన్న చోట గూడు కడుతుంది. దీనికి 1956 నుంచే మందుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం కాగితం మీద రాసి అమ్మాయి పెట్టెలో పెట్టండి, ఎందుకంటే ఈ రెండిటికీ చేయాల్సిన ఫస్ట్ ఎయిడ్ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. సిడ్నీ వైపు పెద్ద నల్ల సాలీడు ఏది కరిచినా ఫనెల్‌వెబ్ అనే అనుకుని వెంటనే 000కి (ఇక్కడి అంబులెన్స్ ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయాలి, కరిచిన చోటు మీదుగా వేళ్ళ దగ్గర్నుంచి పైదాకా మొత్తం చేతికో కాలికో సాగే క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టాలి, కర్ర ఏదైనా ఆసరా పెట్టి కదలకుండా పడుకోబెట్టాలి, నడిపించకూడదు. ఆ కట్టు విషాన్ని ఒళ్ళంతా పాకకుండా ఆపుతుంది, అంబులెన్స్ వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళేదాకా విప్పకూడదు. రెడ్‌బ్యాక్ కరిస్తే మాత్రం కట్టు కట్టకూడదు, దాని విషం మెల్లగా పాకుతుంది, కట్టు కడితే నొప్పి ఇంకా పెరుగుతుంది, బట్టలో చుట్టిన ఐస్ పెట్టాలి. నొప్పి పెరుగుతున్నా, చెమటలు పడుతున్నా, కరిచింది చిన్నపిల్లలకైనా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. ఏం కరిచిందో తెలియకపోతే పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ నంబరు 13 11 26, రాత్రయినా పగలయినా పలుకుతారు.

మన ఊళ్ళల్లో చేసినట్టు తాడు బిగించడం, బ్లేడుతో గాటు పెట్టడం, నోటితో పీల్చడం, సున్నం రాయడం, ఏవీ వద్దు. వీటితో మేలు జరగదు సరికదా ఆస్పత్రికి చేరే టైమ్ పోతుంది.

ప్రశ్న: మేము మెల్‌బోర్న్ టార్నీట్‌లో కొత్తింట్లోకి వచ్చాం. నిన్న రాత్రి పడగ్గది గోడ మీద అరచేతి అంత సాలీడు! మా ఆయన స్ప్రే డబ్బా సగం ఖాళీ చేశారు, అది ఇంకా వేగంగా పరిగెత్తి బీరువా వెనక్కి పోయింది. పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టాలంటే భయంగా ఉంది.

జవాబు: అది హంట్స్‌మన్ అమ్మా. ఇక్కడ కొత్తవాళ్ళందర్నీ ఎక్కువ భయపెట్టేది ఇదే, నిజానికి ఏమీ చేయనిది కూడా ఇదే. గూడు కట్టదు, రాత్రిపూట బొద్దింకల్ని, పురుగుల్ని పట్టి తింటుంది, మనిషిని చూస్తే పారిపోతుంది. చేత్తో నొక్కేస్తే కరవచ్చు, కాసేపు మంట, వాపు, అంతే. దానికోసం పడగ్గదిలో స్ప్రే కొట్టి ఆ గాలి పిల్లలు పీల్చడం దానికంటే చెడ్డది. పెద్ద ప్లాస్టిక్ డబ్బా దాని మీద బోర్లించి, గోడకీ డబ్బాకీ మధ్య అట్టముక్క దూర్చి, బయట చెట్టు దగ్గర వదిలేయండి. తలుపు కింద సందు మూసి, కిటికీల ఫ్లైస్క్రీన్ చినిగిందేమో చూడండి. సిడ్నీ ఫనెల్‌వెబ్ మెల్‌బోర్న్‌లో ఉండదు కాబట్టి ఆ బెంగ కూడా వద్దు, రెడ్‌బ్యాక్ మాత్రం మీ వైపు కూడా ఉంది.

హంట్స్‌మన్‌తో అసలు ప్రమాదం కార్లో. ఎండకి అడ్డంగా దించుకునే వైజర్ వెనక దూరి, హైవే మీద వెళ్తుంటే ఒళ్ళో పడుతుంది, ఆ కంగారులో స్టీరింగ్ తిప్పేసి యాక్సిడెంట్లు చేసుకున్నవాళ్ళు ఉన్నారు. కనబడితే చూపు రోడ్డు మీదే ఉంచి, ఇండికేటర్ వేసి, పక్కకి ఆపి, తలుపులు తీయండి. భార్యాభర్తలిద్దరూ ఈ మాట ముందే అనుకుని ఉండండి.

ఇంకొకరు వైట్‌టెయిల్ సాలీడు కరిస్తే కండ కుళ్ళిపోతుందంట కదా అని అడిగారు. నిజంగా అదే కరిచిందని తేలిన 130 మందిని గమనించి 2003లో వచ్చిన స్టడీలో ఒక్కరికీ అలా జరగలేదు. మానని పుండు ఉంటే సాలీడు మీద వదిలేయకుండా డాక్టర్‌కి చూపించండి, షుగర్ ఉన్నవాళ్ళయితే మరీను.

ప్రశ్న: సిడ్నీ నార్తర్న్ బీచెస్ వైపు ఉంటాం అండి. ఇంటి వెనక బుష్ (చిట్టడవి) ఉంది, తోటపని చేస్తుంటా, రెండు మూడు సార్లు గోమారి లాంటి పురుగు పట్టుకుంటే పీకి పడేశాను. ఈమధ్య మటన్ తిన్న రోజు అర్ధరాత్రి ఒళ్ళంతా దద్దుర్లు, కడుపు నొప్పి. చికెన్ తింటే ఏమీ లేదు. మాంసం పాతదేమో అని షాపు మార్చినా అంతే. ఏంటిది?

జవాబు: బాబుగారూ, ఈ ఉత్తరం అందగానే మీకు విడిగా జవాబు పంపాను, మీలాంటివాళ్ళు ఇంకా ఉంటారని ఇక్కడా రాస్తున్నా. షాపు తప్పు కాకపోవచ్చు, మీరు పీకేసిన ఆ గోమారి వల్ల కావచ్చు. మన పశువులకి పట్టే పిడుదుల జాతిదే ఇది, ఇక్కడ తూర్పు తీరం పొడుగునా ఉంటుంది, పెరాలిసిస్ టిక్ అంటారు. మేకలో, గొర్రెలో, ఆవులో, పందిలో ఆల్ఫా-గాల్ అనే చక్కెర పదార్థం ఉంటుంది, మనుషుల్లో ఉండదు. టిక్ కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు అది మన రక్తంలోకి వస్తే, కొందరి ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత మటన్ తిన్నప్పుడల్లా ఎదురు తిరుగుతుంది. టిక్ కాటుకీ మాంసం ఎలర్జీకీ ఉన్న ఈ లింకుని 2007లో బయటపెట్టింది మీ సిడ్నీ డాక్టరే, షెరిల్ వాన్ న్యూనెన్ గారు.

దీన్ని జనం పోల్చుకోలేకపోవడానికి కారణం టైమ్. వేరుశనగ ఎలర్జీ అయితే నిమిషాల్లో తెలుస్తుంది, ఇది తిన్న రెండు నుంచి ఆరు గంటల తర్వాత వస్తుంది, రాత్రి ఎనిమిదింటికి బిర్యానీ తిని పడుకుంటే అర్ధరాత్రి లేపుతుంది, అప్పుడు మనం కూర మీదో నూనె మీదో అనుమానపడతాం. కొవ్వెక్కువ ఉన్న మాంసం, కిడ్నీ లాంటివి ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. చికెన్, చేపలు, గుడ్లు పర్లేదు. కొంతమందికి జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జిగురు పదార్థం), పాలు, నెయ్యి కూడా పడవు, అది మనిషిని బట్టి.

మీరు చేయాల్సింది, ఇవాళ్టి నుంచే మటన్, బీఫ్, పోర్క్ ఆపేసి జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్ళి టిక్ సంగతి మీరే చెప్పండి, ఎలర్జీ స్పెషలిస్టుకి రాస్తారు, రక్తపరీక్షతో తెలుస్తుంది. ఈసారి గొంతు బిగుసుకున్నట్టున్నా, ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగినా దద్దుర్ల మాత్ర వేసుకుని చూద్దాం అనుకోకుండా 000కి చెయ్యండి, లేచి నడవకుండా పడుకునే ఉండండి, పడుకుంటే ఊపిరి అందకపోతే కాళ్ళు చాపుకుని కూర్చోండి.

ఇంకా ముఖ్యం, మళ్ళీ టిక్ కుట్టకుండా చూసుకోవడం, పట్టినా పీకకుండా ఉండడం. గోళ్ళతో పీకినా, కిరసనాయిలు పోసినా, నూనె రాసినా, అది కంగారుపడి ఇంకా ఎక్కువ లాలాజలం మీ ఒంట్లోకి వదులుతుంది. మందుల షాపులో ఈథర్ ఉన్న ఫ్రీజింగ్ స్ప్రే దొరుకుతుంది, టిక్ ఉన్న చోటే దాన్ని గడ్డకట్టించి చంపి, దానంతట అది రాలేదాకా వదిలేయాలి. కంటికి సరిగా ఆనని పిల్ల టిక్‌లకి పర్‌మెథ్రిన్ క్రీమ్ రాయాలి. మీకు ముందే రియాక్షన్ వచ్చింది కాబట్టి ఈసారి డాక్టరు దగ్గరే తీయించుకోండి. తోటపనికి పొడుగు చేతులు, ప్యాంటు సాక్సులోకి దోపుకుని, రిపెల్లెంట్ రాసుకుని వెళ్ళండి, లోపలికి రాగానే బట్టలు వేడి డ్రయర్లో వేసి, చంకలు, చెవుల వెనక, తల, గజ్జలు వెతుక్కోండి. అమెరికాలో వర్జీనియా, కరోలినాలు, మిస్సోరీ వైపు ఉన్న మనవాళ్ళు కూడా ఇది చదవండి, మీ దగ్గర లోన్ స్టార్ టిక్ ఇదే ఎలర్జీ తెస్తుంది.

ప్రశ్న: అక్కా, హారిస్ పార్క్‌లో ఐదుగురం కలిసి ఉంటున్నాం. కౌన్సిల్ క్లీనప్ రోజు (పాత సామాను కౌన్సిల్ వాళ్ళు ఎత్తుకెళ్ళే రోజు) రోడ్డు మీద పెట్టిన మంచి పరుపు ఒకటి తెచ్చుకున్నా. ఇప్పుడు చేతుల మీద వరసగా ఎర్ర మచ్చలు, ఒకటే దురద. రూమ్మేట్స్‌కి చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

జవాబు: తమ్ముడూ, అవి నల్లులు అయ్యుంటాయి, ఇవాళే చెప్పేయ్. నల్లులు మురికి వల్ల రావు, సామాను వెంట వస్తాయి, పెద్ద హోటళ్ళలోనూ ఉంటాయి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, రోగాలు కూడా అంటించవు. కానీ నువ్వు దాచిన కొద్దీ మిగతా నాలుగు మంచాలకీ పాకుతాయి. పరుపు కుట్ల వెంబడి టార్చి వేసి చూడు, నల్లటి చుక్కలు, పొట్టు కనబడితే ఖాయం. పరుపుని ప్లాస్టిక్‌లో చుట్టి మూతి బిగించి, నల్లులున్నాయని పెద్దగా రాసి పారేయాలి, రాయకపోతే ఇంకో కుర్రాడు తీసుకెళ్తాడు. బట్టలు, దుప్పట్లు సంచీలో కట్టి తీసుకెళ్ళి వేడి డ్రయర్లో అరగంట తిప్పు, వేడికి గుడ్లతో సహా చస్తాయి. సూపర్‌మార్కెట్ స్ప్రేలు, పొగబాంబులు కొనకు, మామూలు మందులకి ఇక్కడి నల్లులు చాలావరకు లొంగట్లేదు, పైగా పొగకి పారిపోయి పక్క గదిలో దూరతాయి. నువ్వు వేరే గదిలో పడుకోవద్దు, నీ వెనకే వస్తాయి. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంట్‌కి ఫోటోలతో ఈమెయిల్ పెట్టి పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిపించండి, ఖర్చు ఎవరిదనేది తర్వాత తేల్చుకోవచ్చు. ఇంట్లో చేరిన రోజే కండిషన్ రిపోర్టులో (ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసే కాగితం) బొద్దింకలు, నల్లులు ఏమున్నా రాయడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: హోబార్ట్‌లో ఉంటున్నాం. మా బాబుని నల్లగా, గెంతుతూ తిరిగే చీమ కుట్టింది, మొహం అంతా ఉబ్బింది. చీమకి ఆస్పత్రి ఏంటని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు.

జవాబు: ఆస్పత్రి కావాలి. అది జాక్ జంపర్, మన గండుచీమ లాంటిది కాదు, దాని కాటుకి మనుషులు చనిపోయారు. కుట్టింది ఒకచోటైతే ఉబ్బింది మొహం, అంటే ఎలర్జీ. జీపీని అడిగి ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే వెంటనే పొడుచుకునే ఇంజెక్షన్) తీసుకోండి, బాబు బడిలో కూడా చెప్పండి. ఆ చీమ విషాన్నే కొంచెం కొంచెంగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స మీ టాస్మేనియాలోనే ఉంది, దాని గురించి తప్పకుండా అడగండి. తేనెటీగ, కందిరీగ కుట్టినప్పుడు కూడా ఇదే జాగ్రత్త, సాలీళ్ళ కంటే వీటి ఎలర్జీతోనే ఇక్కడ ఎక్కువ ప్రాణాలు పోతున్నాయి.

ప్రశ్న: మా అత్తగారు కరీంనగర్ నుంచి వస్తున్నారు. కందిపప్పు, ఎండుమిర్చి, ధనియాలు, మా పొలం బియ్యం తెస్తానంటున్నారు. తేవచ్చా?

జవాబు: తేవద్దని చెప్పండి. మన దేశం వైపు పుట్టిన ఖాప్రా పురుగు ధాన్యాన్ని లోపల్నుంచి తినేసి పొడి చేస్తుంది, దాని పిల్లపురుగు తిండి లేకుండా ఏళ్ళ తరబడి సందుల్లో దాక్కుని బతకగలదు, అది ఒకసారి ఇక్కడి గోధుమ గోదాముల్లోకి వస్తే రైతులు మునిగిపోతారు. అందుకే 2020 నుంచి బియ్యం, కందిపప్పు, శనగలు, పెసలు, వేరుశనగ, జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి ప్రయాణికుల సామానులో రానివ్వట్లేదు, పోస్టులో పంపినా అంతే. అత్తగారు ప్రేమతో తెస్తారు, ఎయిర్‌పోర్టులో అవన్నీ తీసి పడేస్తుంటే చూడ్డం ఆవిడకి కష్టంగా ఉంటుంది, కాబట్టి బయల్దేరే ముందే ఫోన్లో మెల్లగా చెప్పండి, అన్నీ ఇక్కడ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయని.

పచ్చళ్ళు, పిండివంటలు ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డు మీద తిండి పదార్థాలున్నాయి అనే చోట అవును అని టిక్కు పెట్టించండి. చెప్పి చూపిస్తే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు, చెప్పకుండా దొరికితే జరిమానా వేల డాలర్లలో ఉంటుంది, విజిటర్ వీసా క్యాన్సిల్ కూడా చేయొచ్చు. ఆవిడకి ఇంగ్లీషు రాకపోతే ఏమేం తెస్తున్నారో ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి ఫోటో పంపండి, ఆఫీసర్‌కి అదే చూపిస్తారు.